అప్పడం విరగని పరుగు

సంచీలో ముందుగా నా ఎడమకాలి చెప్పు పెట్టాను. దాని మీద నా ట్రంకు పెట్టె తాళంచెవి, ఆకువక్కల తిత్తి, కళ్ళద్దాల డబ్బా సర్దాను. డబ్బాలో అద్దాలు ఉన్నాయో లేదో ఇంకోసారి తెరిచి చూసుకున్నాను. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వడానికి ఎవరూ పనిగట్టుకొని రారు కదా. పైన ఒక తువ్వాలు కప్పి, తాడు బిగించి, గుమ్మం దగ్గర ఒంటికాలి మీద నిలబడి బూటు లేసు కట్టుకుంటున్న మా తమ్ముడి భుజానికి తగిలించాను.

మా తమ్ముడు మునినారాయణప్ప వెళ్ళేది కాశీకేమీ కాదు. కాడుగోడి రైల్వే గేటు దాకా పరుగెత్తి, గూడ్సు షెడ్డు గోడ పక్కనుంచి చుట్టి ఇంటికి వచ్చేస్తాడు. స్టవ్ మీద పెట్టిన పప్పు ఉడికేలోపల వాడు మళ్ళీ గుమ్మంలో ఉంటాడు.

"అక్కా, గేటు దాకా పోయి వచ్చేదానికి చెప్పెందుకు?" అన్నాడు.

"చెప్పు నీ దగ్గర ఉంటే వస్తావు."

"లేకపోయినా వస్తా."

"అది నువ్వు చెప్పే మాట. నాకు చెప్పు మీదే నమ్మకం."

వంటింట్లోంచి వాడి పెళ్ళాం ప్రేమకుమారి కేకేసింది. "వదినా, కుడికాలిది కూడా పెట్టండి. ఇంకా బిరీన వస్తాడు."

ఆవిడకు నవ్వులాట. నాకు కాదు. పీలేరులో మా ఇంటి గడప దాటి సంచీతో వెళ్ళినవాళ్ళ సంగతి నాకు తెలుసు. మా నాయన ఎద్దును చూసి వస్తానని వెళ్ళాడు. మా ఆయన బోరు లారీతో బళ్ళారి వైపు వెళ్ళాడు. ఇద్దరి సంచులూ నేనే సర్దాను. ఇద్దరి సంచుల్లోనూ వాళ్ళ బట్టలు, వాళ్ళ దువ్వెన, వాళ్ళ తువ్వాలే పెట్టాను. తర్వాత చాలా ఏళ్ళు కూర్చొని ఆలోచిస్తే తప్పు ఎక్కడుందో నాకు తట్టింది. మనిషి తన సామాను తీసుకొని వెళితే ఎక్కడైనా ఉండిపోగలడు. మన సామాను తీసుకొని వెళితే తెచ్చి ఇవ్వాల్సి వస్తుంది. ముసలిదాని ఎడమ చెప్పుతో ఏ ఊళ్ళో అయినా ఏం చేసుకుంటాడు?

అందుకని, 2001లో నేను పీలేరు వదిలి కన్నడ సీమలోని కాడుగోడిలో తమ్ముడి ఇంటికి వచ్చిన నాటినుంచీ వాడు గడప దాటితే నా సంచీ వాడి భుజాన ఉండవలసిందే. వాడికి తల్లి లేనప్పుడు చంకన వేసుకొని పెంచిన దాన్ని. మాట కాదనలేడు.

మునినారాయణప్ప బేరింగులు చేసే ఫ్యాక్టరీలో తనిఖీ పని చేసేవాడు. తయారైన ప్రతి బేరింగునూ తిప్పి చూసి, చెవి దగ్గర పెట్టుకొని విని, వంక ఉంటే పక్కన పడేయడం వాడి ఉద్యోగం. యాభై దాటగానే ఫ్యాక్టరీవాళ్ళు ముందుగానే ఇంటికి పంపేశారు. ఇంట్లో కూర్చున్న మొదటి నెల తలుపు బందులు, మిక్సీ మూత, ప్రేమకుమారి గాజులు అన్నీ తనిఖీ చేశాడు. ఆమె అట్లకాడ తిరగేసి చేతిలో పట్టుకొన్న రోజు వీధిలోకి వెళ్ళిపోయాడు. తనిఖీ చేయడానికి ఇక తన ఒళ్ళు ఒక్కటే మిగిలింది. అలా మొదలైంది పరుగు.

మామూలు మనుషుల్లా పరుగెత్తితే నాకేం బాధ లేకపోయేది. వాడికి పరుగు ముఖ్యం కాదు, ఎలా పరుగెత్తుతున్నామన్నది ముఖ్యం. మోచెయ్యి ఎంత వంగిందో మూలమట్టం పెట్టి చూసుకునేవాడు. పాదం నేలకు తగిలే చప్పుడు వినడానికి తల ఒక పక్కకు వంచేవాడు. తల వంచితే మెడ వంకర పోయిందని మళ్ళీ మొదటినుంచీ పరుగెత్తేవాడు.

"గుప్పిలి బిగించకూడదక్కా," అని ఒకనాడు నాకు చెప్పాడు. "గుప్పిలి బిగిస్తే భుజం బిగుస్తాది. చేతిలో అప్పడం పట్టుకున్నట్టు ఉండల్ల. పడకూడదు, విరగకూడదు."

నేను లోపలికి వెళ్ళి రెండు అప్పడాలు వేయించి తెచ్చి చేతికొకటి ఇచ్చాను. వాడు నవ్వకుండా తీసుకున్నాడు. ఆనాటినుంచీ మా తమ్ముడు రెండు చేతుల్లో రెండు అప్పడాలు, భుజాన నా సంచీతో పరుగెత్తడం కాడుగోడి మొత్తం చూసింది. వాడి వెనక నాలుగు కుక్కలు కూడా వచ్చేవి, అవి మాత్రం ఏ శ్రద్ధా లేకుండా ఎలా పడితే అలా పరుగెత్తేవి. ఇంటికి రాగానే ఇద్దరం అప్పడాలు పరీక్షించేవాళ్ళం. అంచు విరిగి ఉంటే వాడి ముఖం వాడిపోయేది. "గేటు దగ్గర లారీవాడు హారన్ కొట్టినాడక్కా, అప్పుడే విరిగింటాది," అనేవాడు.

నాకూ ఒక పని ఇచ్చాడు. గూడ్సు షెడ్డు గోడ మనిషి మెడ ఎత్తున ఉంటుంది. ఇటుపక్క మా మిద్దె మీద నేను నిలబడితే, అటుపక్క పరుగెత్తే వాడి తల ఒక్కటే గోడమీద కనిపిస్తుంది. తల పైకీ కిందికీ ఎగరకూడదు, రైలు పట్టాల మీద బండిలాగా నున్నగా సాగిపోవాలి. అది చూసి చెప్పడం నా పని. నాకు దగ్గర చూపే తక్కువ, దూరం బాగానే కనిపిస్తుంది. నిజానికి వాడు ఆ పని నాకెందుకు ఇచ్చాడో నాకు తెలుసు. గోడ ఉన్నంత దూరం వాడు నా కంటి ముందు ఉంటాడు. నేను ఊపిరి పీల్చుకుంటానని.

"ఈ పొద్దు ఎట్ల ఉండాది?" అని అడిగేవాడు వచ్చి.

"రోట్లో రోకలి లెక్క ఎగిరింది."

"మొత్తమా?"

"మొదట రోకలి. చివర్లో కొంచెం పప్పుగుత్తి."

గేటు దగ్గర టీ అంగడి ముందు ఒక రాతిబండ ఉంది. దాని మీద వెంకటగిరియప్ప కూర్చొని ఉండేవాడు. టెంకాయల వ్యాపారం కొడుకులకు అప్పజెప్పాక ఆ బండ ఎక్కాడు, మళ్ళీ దిగలేదు. పుట్టింది పెరిగింది అక్కడే. ఇంట్లో తెలుగు, బయట కన్నడం, కోపం వస్తే రెండూ.

"ఏనప్పా మునినారాయణప్పా, అప్పడాలు ఇట్ల తెచ్చినావు, అన్నం యాడ?" అనేవాడు. సాయంత్రం మా ఇంటికి వచ్చి నాతో, "అక్కా, నీ తమ్ముడు పరుగెత్తేది చూస్తా ఉంటే నాకే కాళ్ళు నొస్తాయి. సుమ్నే, ఊరికే కూర్చోరాదా మనిషి?" అని ఒక లోటా కాఫీ తాగి వెళ్ళేవాడు.

అలా సాగిపోతుండగా ఒకరోజు మునినారాయణప్ప పైకప్పు నుంచి మేస్త్రీలు వాడే గుండు దారం వేలాడదీసి, చొక్కా విప్పి, అద్దం ముందు దాని పక్కన నిలబడ్డాడు. చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, కోప్పడొద్దు. ఎడమ భుజం కిందికి దిగింది."

"వయసప్పా."

"వయసుకు రెండు భుజాలూ దిగల్ల కదా. సంచీ వల్ల దిగింది. నేను ఎంత చేసినా ఆ సంచీ ఉన్నంత వరకు అలైన్‌మెంట్ రాదు." చొక్కా తొడుక్కుంటూ అన్నాడు. "వచ్చే నెల మన స్కూలు గ్రౌండులో పరుగు పందెం పెడతాండారు. పెద్దవాళ్ళకూ ఉండాది. నాకు గెలవాలని లేదు. జీవితంలో ఒక్కసారి, వంక లేకుండా, మొదటినుంచి చివరిదాకా సరిగ్గా పరుగెత్తల్ల. ఆ ఒక్కరోజు సంచీ లేకుండా పంపు."

లోపలికి వెళ్ళి పడుకున్నాను. అన్నం తినలేదు. మర్నాడు వాడు మళ్ళీ అడగలేదు, సంచీ తగిలించుకొని వెళ్ళాడు. కానీ గోడ మీద వాడి తల ఎగరకుండా వాలిపోయి సాగింది. దాన్ని బాగుందనాలో లేదనాలో నాకు తెలియలేదు.

పందెం వారం ఉందనగా బస్టాండులో గుడ్డ మీద రాసిన పెద్ద ప్రకటన కట్టారు. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. ఎవరూ నేర్పలేదు, క్యాలెండర్లు, సబ్బు కవర్లు చూసి నేనే కూడబలుక్కున్నాను. కన్నడం అక్షరాలు మన అక్షరాలకు అక్కచెల్లెళ్ళలా ఉంటాయి కాబట్టి కాడుగోడిలో బోర్డులన్నీ చదివేసేదాన్ని. అర్థం మాత్రం అప్పుడప్పుడూ చిక్కుపెట్టేది. పాల అంగడి మీద 'హాలు' అని ఉంటే లోపల పెళ్ళిళ్ళు చేసే హాలు ఉందేమోనని తొంగిచూశాను. 'ఊట' అని రాసిన హోటల్లోకి వెళ్ళి, ఊట బావి ఎక్కడని అడిగాను. భోజనం పెట్టారు.

ఈ గుడ్డ మీద రెండే మాటలు ఉన్నాయి. 'ఓడి, గెల్లి'.

నేను అక్కడే నిలబడిపోయాను. ఓడి గెలవడమా? గెలుపు అన్న మాట కూడా సరిగ్గా రాయలేదు, సరే, కన్నడంవాళ్ళు. కానీ ఓడి గెలవడం ఎట్లా? అప్పుడు గుర్తొచ్చింది. పీలేరు తిరునాళ్ళలో స్లో సైకిల్ పందెం పెట్టేవారు. అందరికంటే వెనక వచ్చినవాడే గెలిచినట్టు. మెల్లగా తొక్కాలి, కాలు కింద పెట్టకూడదు. ఆ పందెంలో ఎవరూ ఎక్కడికీ పోరు. మొదలుపెట్టిన చోటినుంచి ముగిసే చోటు దాకా అందరూ కంటికి కనిపిస్తూనే ఉంటారు.

అయినా అనుమానం తీర్చుకుందామని నేరుగా రాతిబండ దగ్గరికి వెళ్ళాను.

"వెంకటగిరియప్పా, ఈ పందెంలో ఓడినోడే గెలిచినట్టా?"

అతను టీ గ్లాసు కింద పెట్టి నన్ను కొత్తగా చూశాడు. "ఆహా! ఎంత మంచి మాట అంటివి అక్కా! అంతే మరి. ఓడినోడే గెలిచినట్టు. నా మాదిరి కూర్చున్నోడు గెలవడు." అని అంగడివాడి వైపు తిరిగి, "విన్నావా, అక్క ఏమి చెప్పిందో? ఇంతవరకూ ఇట్లాంటి మాట ఎవరన్నా చెప్పినారా ఈ ఊర్లో?" అన్నాడు.

నా గుండె కుదుటపడింది. ఇంటికి రాగానే తమ్ముడిని పిలిచాను.

"మునీ, పందెంనాడు సంచీ వద్దులే. ఉత్త చేతులతో పో."

వాడు నమ్మలేదు. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

"జ్వరమేం లేదు. అందరికంటే వెనక ఉండు, అదొక్కటి గుర్తుపెట్టుకో."

"అది నువ్వు చెప్పల్లనా అక్కా? అక్కడ వచ్చేదంతా పిల్లలు. నేను ఆఖరే."

"అట్ల నమ్మకంగా ఉండల్ల," అన్నాను సంతోషంగా.

ఆదివారం పొద్దున స్కూలు గ్రౌండు జనంతో నిండిపోయింది. ప్రేమకుమారి కర్పూరం వెలిగించి దిష్టి తీసి ఇంటి దగ్గరే ఆగింది. నేను వెంకటగిరియప్పతో వచ్చాను. ఆ రోజు అతను బండ దిగడమే పెద్ద విశేషమని అందరూ చెప్పుకున్నారు. సంచీ నా భుజానే ఉంది. దానిలో అన్నీ ఉన్నాయి, చెప్పు తప్ప. చెప్పు కాలికి వేసుకొని వచ్చాను.

విజిల్ ఊదారు. జనమంతా ఒక్కసారిగా అరిచారు. "ఓడి! ఓడి! ఓడి సార్, ఓడి!"

ఎంత మంచి ఊరు అనుకున్నాను. ఎవరి మనిషి ఓడాలని వాళ్ళు ఇంత బాహాటంగా కోరుకోవడం నేనెక్కడా చూడలేదు. నేను కూడా కొంగు నడుముకు దోపి, జనానికి అడ్డంగా కట్టిన తాడు పట్టుకొని ముందుకు వంగి అరిచాను. "ఓడిపోరా మునీ! ఓడిపో! వాళ్ళను ముందుకు పోనీ! నువ్వు ఓడిపో!"

పక్కన నిలబడ్డ తెలుగావిడ నా వైపు తిరిగింది. "ఎవరమ్మా ఆయన? మీకేం చేసినాడు?"

"మా తమ్ముడు."

"సొంత తమ్ముడా?"

"చంకనేసుకొని పెంచినా," అని చెప్పి మళ్ళీ అరిచాను. "ఓడిపో నాయనా!"

ఆవిడ తన పిల్లలను తీసుకొని కొంచెం దూరం జరిగింది.

పందెంలో ఉన్నవాళ్ళు మాత్రం స్కూలు గేటు దాటి బాణాల్లా దూసుకుపోయారు. పందెం సంగతి తెలియని మూర్ఖులు అనుకున్నాను. మునినారాయణప్ప అందరికీ వెనక, మోచేతులు మడిచి, ఖాళీ చేతుల్లో అప్పడాలు ఉన్నట్టే పట్టుకొని వెళ్ళాడు. మలుపు దగ్గర ఒకసారి కనిపించాడు. తర్వాత కనిపించలేదు.

"వెంకటగిరియప్పా, మలుపు తిరిగినాడే?"

"తిరుగుతాడు కదక్కా. చన్నసంద్ర దాటి చెరువు కట్ట దాకా పోయి రావల్ల."

"చెరువు కట్ట దాకానా? మెల్లగా పోయే పందేనికి అంత దూరమెందుకు?"

"మెల్లగానా? పరుగు పందెం అక్కా ఇది!"

"ఓడినోడే గెలిచినట్టని నువ్వే చెప్తివే!"

"అవును! ఓడు అంటే పరుగెత్తు! పరుగెత్తినోడే గెలిచినట్టని నువ్వే కదా అంత బాగా చెప్తివి?"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అతని మీసాలు కదలడం మొదలుపెట్టాయి. కడుపు పట్టుకొని వంగిపోయాడు. "అయ్యో అక్కా! ఇంతసేపూ నువ్వు... తమ్ముణ్ణి... ఓడిపో అని..."

నాకు నవ్వు రాలేదు. వాడు వెళ్ళాడు. కనుచూపు దాటి వెళ్ళాడు. నాది ఒక్క వస్తువు కూడా వాడి దగ్గర లేదు. వక్కపలుకు కూడా లేదు.

నేను తాడు కింద దూరి రోడ్డెక్కాను. సంచీ గుండెకు హత్తుకొని పరుగెత్తాను. అరవై ఏడేళ్ళలో నేను పరుగెత్తడం అదే మొదలు. వెనకనుంచి వెంకటగిరియప్ప రొప్పుతూ వస్తున్నాడు.

"అక్కా, ఆగు! ఆగకపోతే సరిగ్గానన్నా పరుగెత్తు! మోచేతులు! భుజం వదులు! అప్పడం అక్కా, అప్పడం!"

రోడ్డు పక్కన నీళ్ళిచ్చే కుర్రాళ్ళు నేను కూడా పందెంలో ఉన్నాననుకొని చప్పట్లు కొట్టారు. "ఓడి అజ్జీ, ఓడి!"

"నేను ఓడనురా!" అని అరిచాను.

ఎంత దూరం వెళ్ళానో నాకు తెలియదు. ఒక మోరీ కట్ట దగ్గర కాళ్ళు ఇక కుదరదన్నాయి. దాని మీద కూలబడ్డాను. అంతలో పిల్లలు తిరిగి రావడం మొదలైంది. ఒకరి వెనక ఒకరు, చెమటలు కారుతూ, నోళ్ళు తెరుచుకొని నా ముందునుంచి వెళ్ళిపోయారు. ప్రతివాడినీ అడిగాను, మా తమ్ముణ్ణి చూశావా అని. కొందరు చెయ్యి ఊపారు, కొందరు అదీ లేదు. తర్వాత లావుపాటి మనుషులు వచ్చారు. తర్వాత కుంటుతూ ఒకాయన వచ్చాడు. తర్వాత రోడ్డు ఖాళీ అయిపోయింది.

ఖాళీ రోడ్డు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఎద్దు కోసం వెళ్ళిన మనిషి కోసం చూశాను, లారీ కోసం చూశాను. కళ్ళు నొప్పి పుట్టేదాకా చూస్తే రోడ్డు కొంచెం కదిలినట్టు ఉంటుంది. ఏమీ రాదు.

రోడ్డు మలుపులో పూల నర్సరీ ప్రహరీ ఒకటి ఉంది. ఆ గోడ మీద ఒక తల కనిపించింది.

మా తమ్ముడి తల. బట్టతల మీద ఎండ పడుతోంది. అది ఎగరలేదు, వాలలేదు. ఎవరో చేత్తో పట్టుకొని గోడ మీద గీత గీస్తున్నట్టు ఒకే ఎత్తున సాగి వచ్చింది. గోడ అయిపోయాక మనిషి మొత్తం కనిపించాడు. రెండు భుజాలూ సమంగా ఉన్నాయి. చేతులు వదులుగా ఊగుతున్నాయి. పాదాల చప్పుడు దగ్గరికి వచ్చేదాకా వినిపించలేదు. వాడి ముఖంలో, చెవి దగ్గర పెట్టుకున్న బేరింగు ఏ వంకా లేకుండా తిరుగుతున్నప్పటి శ్రద్ధ ఉంది.

వాడి భుజానికి తగిలించాలని తెచ్చిన సంచీ నా చేతిలో ఉంది. దాన్ని వెనక్కి పెట్టి, దాని మీద కూర్చున్నాను. తాళంచెవి గుచ్చుకుంది.

"అక్కా! ఇక్కడేం చేస్తాండావు?" అన్నాడు వాడు, ఆగకుండానే.

"కూర్చున్నా. నువ్వు పో."

"భుజం?"

"సమంగా ఉండాది. మాట్లాడొద్దు, తల ఎగుర్తాది. పో."

వాడు వెళ్ళాడు. నేను వాడి వీపు చూస్తూ కూర్చున్నాను, మలుపు తిరిగేదాకా. తిరిగాక కూడా లేవాలనిపించలేదు, పరుగెత్తాలనీ అనిపించలేదు. వెంకటగిరియప్ప నా పక్కన కూలబడి ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగాక పరుగెత్తడం అతనికీ అదే మొదటిసారి.

"నేను కూడా ఓడినానక్కా," అన్నాడు ఊపిరి తిరిగాక. ఏ భాషలో అన్నాడో నేను అడగలేదు.

మేము మెల్లగా గ్రౌండు చేరేసరికి అంతా అయిపోయింది. మునినారాయణప్ప వచ్చేటప్పటికే గ్రౌండులో కట్టిన ప్రకటన గుడ్డ కూడా విప్పేశారట. ఆఖరు మనిషి ఇంకా ఉన్నాడని తెలిసి ఇద్దరు కుర్రాళ్ళు దాన్ని చెరో చివర చేత్తో ఎత్తి పట్టుకుంటే, వాడు దాని కిందినుంచి దూరి వెళ్ళాడట. ఒక చెట్టు కింద కూర్చొని తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"అప్పడాలు ఉంటే విరిగేవి కాదక్కా," అన్నాడు నన్ను చూసి.

"నేను చూసినా కదా."

"మొదట్లో ఎవరో ఓడిపో ఓడిపో అని ఒకటే అరుపు. నీ గొంతు మాదిరి ఉన్నింది."

వెంకటగిరియప్ప నోరు తెరిచాడు. నేను అతని కాలు తొక్కాను.

ఆ తర్వాత సంచీ మేకుకు వేలాడింది. వాడు పొద్దున్నే ఉత్త చేతులతో వెళ్ళేవాడు, వచ్చేవాడు. నేను కొన్నాళ్ళు గుమ్మంలో నిలబడ్డాను. కొన్నాళ్ళు కిటికీ దగ్గర. తర్వాత పప్పు కడుక్కుంటూ ఉండగానే వాడు వచ్చేసేవాడు, ఎప్పుడు వెళ్ళాడో కూడా గమనించేదాన్ని కాదు.

వెంకటగిరియప్ప తానూ సోమవారం నుంచి పరుగు మొదలుపెడతానని ప్రతి ఆదివారం చెప్పేవాడు. బూట్లు కూడా కొన్నాడు. వాటిని వేసుకొని బండ మీద కూర్చునేవాడు.

మరుసటి ఏడాది ఒక పొద్దున కాఫీ తాగి లోటా కింద పెట్టి, మాలూరులో చిన్న కూతురింటికి పోయి రెండు రోజుల్లో వస్తానన్నాడు. సరే అన్నాను. చేతిలో పిండి ఉంది, మేకు మీది సంచీ కోసం లేవలేదు. మునినారాయణప్ప ఆ పొద్దున కూడా గేటు దాకా పరుగెత్తి తిరిగి వచ్చాడు, ఇప్పటికీ వస్తున్నాడు. వెంకటగిరియప్ప తిరిగి రాలేదు. అది 2003 జూన్.